కోల్డ్ స్టోరేజీ బాబాయి

ఫిన్లండులో చదువుకోవడానికి సీటు వచ్చిందని చెప్పినప్పుడు మా ఇంట్లో అందరికన్నా ఎక్కువ కంగారు పడింది అమ్మా కాదు, నాన్నా కాదు. నాన్న స్నేహితుడు ఒకాయన ఉండేవారు. కరీంనగర్ వైపు మనిషి. కువైట్‌లోని షుఐబాలో మాంసం, కోడి నిలవ చేసే కోల్డ్ స్టోరేజీలో పద్నాలుగేళ్లుగా పని చేస్తున్నారు. ప్రతి శుక్రవారం అబ్బాసియాలోని మా ఫ్లాటుకి భోజనానికి వచ్చేవారు. నేను ఆయన్ని బాబాయి అనేదాన్ని. ఇంటికొచ్చే బాబాయిలు ఇంకొందరు ఉండబట్టి, ఈయన మాకు కోల్డ్ స్టోరేజీ బాబాయి.

మాది అమలాపురం దగ్గర పల్లె. నాన్న షుఐబాలోనే ఒక ప్లాంటులో ఎలక్ట్రీషియన్. అమ్మ ఇంట్లో జాకెట్లు కుట్టేది. నన్ను ఐదో ఏట కువైట్ తీసుకొచ్చారు కాబట్టి నాకు తెలిసిన చలంతా జనవరిలో వచ్చే రెండు మూడు వారాలది. అందుకే స్వెట్టరు, మఫ్లరు, సాక్సులు వేసుకుని నేను పడే ఆర్భాటం చూసి స్కూల్లో మలయాళీ టీచర్లు నవ్వేవాళ్లు. అలాంటిదాన్ని ఔలు అనే ఊరికి వెళ్తానన్నాను. నాన్న మ్యాపులో వెతికారు. వేలు పైకి జరుగుతూ జరుగుతూ కాగితం అంచు దాకా వెళ్లింది. అప్పట్లో అక్కడ బయటి దేశాల విద్యార్థులకీ ఫీజు ఉండేది కాదు. ఆ ఒక్క మాట మీద నాన్న ఒప్పుకున్నారు.

చలి సంగతి వచ్చేసరికి మా ఇంట్లో అనుభవజ్ఞుడు బాబాయి ఒక్కరే. ఆయన పని చేసే గదిలో ఎప్పుడూ మైనస్ పద్దెనిమిది. అన్నం తింటున్న చెయ్యి ఆపి, ఔలులో ఎంత ఉంటుందని అడిగారు. మైనస్ ఇరవై ఐదు కూడా పడుతుందట అన్నాను. ఆయన కాసేపు నాన్న వైపు, కాసేపు నా వైపు చూశారు.

"శిక్షణ లేకుండ పిల్లను పంపుతవా అన్నా?" అన్నారు నాన్నతో.

అలా ఆగస్టు నెలలో, బయట కారు తలుపు ముట్టుకుంటే చెయ్యి కాలే ఎండలో, నాన్నా నేనూ షుఐబా వెళ్లాం. అక్కడి సూపర్‌వైజరు ఈజిప్టు ఆయన. సంగతి విని, ఐదు నిమిషాలు, యల్లా, పదండి, అని నవ్వుతూ తలుపు తీయించాడు. బాబాయి తన పాత కోటు నాకు తొడిగారు. ఆయన భారీ మనిషి. కోటు నా మోకాళ్ల కిందికి వచ్చింది. తలుపు దగ్గర ఆపి ఆయన చెప్పిన మాటలు నాకిప్పటికీ గుర్తున్నాయి.

"లోపలికి పోంగనే దమ్ము గట్టిగ గుంజకు బిడ్డా. ముందుగాల ఇడువు, మెల్లగ ఇడువు. నిలవడకు. నిలవడితే కాళ్లకెళ్లి ఎక్కుతది చలి."

నేను లోపలికి వెళ్తూనే గట్టిగా ఊపిరి పీల్చాను. ముక్కులో వెంట్రుకలన్నీ ఒక్కసారిగా బిగుసుకున్నాయి. దగ్గొచ్చింది, కళ్లలో నీళ్లొచ్చాయి. ఒక కోళ్ల పెట్టె పట్టుకుని నిలబడిపోయాను. రెండు నిమిషాల తర్వాత నన్ను బయటికి నడిపించుకొచ్చి, బాబాయి ఎంతో గంభీరంగా, ఇంకో మూడు సార్లు తీసుకురావాలి అని నాన్నకి చెప్పారు. తీసుకెళ్లారు కూడా. నాలుగో శుక్రవారానికి నేను పది నిమిషాలు అటూ ఇటూ నడవగలిగాను.

కోటు నాకే ఇచ్చేశారు. ఆగస్టులో కువైట్ మొత్తం వెతికినా అలాంటిది దొరకదని నాన్న సంతోషించారు. అమ్మకే ఒక బాధ ఉంది. ఆ కోటు వీపు మీద పెద్ద పెద్ద అరబ్బీ అక్షరాలతో 'దజాజ్ ముజమ్మద్' అని ఉంది. స్కూల్లో అరబ్బీ చదువుకున్నాను కాబట్టి ఆ అక్షరాలు నాకొచ్చు. గడ్డకట్టిన కోడి అని అర్థం. ఎదిగిన పిల్ల వీపున కోడి అని రాసుకుని తిరుగుతుందా, పైన ఒక ముక్క గుడ్డ వేసి కుట్టేస్తాను అంది అమ్మ. బాబాయి ఒప్పుకోలేదు. సూది పెడితే ఆ రంధ్రంలోంచి గాలి దూరుతుందన్నారు. ఫిన్లండులో అరబ్బీ ఎవడు చదువుతాడులే అని నాన్న తీర్పు చెప్పారు.

సెప్టెంబరులో వెళ్లాను. అక్టోబరు చివర మొదటి మంచు పడింది. ఆ వారమే, చలికి తట్టుకోలేక స్టేషను పక్కనున్న ఒక పిజ్జా కొట్లో దూరాను. కౌంటరు వెనకాల ఇరాకీ పెద్దాయన నా వైపు చూసి మామూలుగానే తలూపాడు. మెనూ చూడటానికి నేను అటు తిరిగాను. వెనకనుంచి ఆయన నవ్వు వినిపించింది. నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని, ఈ కొట్టు మొదలుపెట్టి ఇన్నేళ్లయింది, కోడి దానంతటదే నడిచి రావడం ఇదే మొదటిసారి అన్నాడు అరబ్బీలో. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. అయితే ఆ రోజు ఆయన ఇచ్చిన టీ అచ్చం అబ్బాసియా టీలాగే, చక్కెర ఎక్కువగా ఉంది. ఆ తర్వాత వారానికి ఒకసారైనా ఆ కొట్టుకి వెళ్లేదాన్ని. కోటు మాత్రం లోపలికి అడుగుపెట్టకముందే విప్పేసేదాన్ని.

అక్కడి చలి కన్నా చీకటి నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. డిసెంబరులో పొద్దు పదిన్నరకి ఎక్కి, రెండింటికి దిగిపోయేది. దారిన పోయేవాళ్లు బళ్లవాళ్లకి కనబడాలని బట్టలకి మెరిసే బిళ్లలు వేలాడదీసుకునేవారు. ముసలివాళ్లు, చంటిపిల్లలు, కుక్కలు కూడా. ఫోనులో ఈ మాట చెబితే నాన్న మురిసిపోయారు. ప్లాంటులో ఆయన రోజూ వేసుకునేది మెరిసే పట్టీల చొక్కానే.

"దేశం మొత్తం మా యూనిఫారమేనా అమ్మాయ్? అయితే ఎవరో బుర్రున్నోళ్లే," అన్నారు.

వారం తిరక్కుండా పార్సెల్లో రెండు చొక్కాలు పంపారు. ఒకటి నాకట, ఒకటి ఎవరికైనా అవసరమైతే ఇవ్వమనట.

నేను ఒక మామూలు అపార్ట్‌మెంటులో గది అద్దెకి తీసుకున్నాను. ఎదురింట్లో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉండేది. సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. నాలుగు నెలల్లో మెట్ల మీద కనబడిన ప్రతిసారీ నేను నవ్వేదాన్ని, ఆవిడ తలూపేది. అంతే. అక్కడ ఎవరూ అనవసరంగా మాట్లాడరు. బస్టాపులో మనిషికీ మనిషికీ మధ్య ఇంకో ఇద్దరు నిలబడేంత జాగా వదులుతారు. అబ్బాసియాలో ఆ జాగాలో ఒక కొట్టు పెట్టేస్తారు. మూడింటికే మంచమెక్కి, ఏ టైముకి లేచినా చీకటే చూసి, నాకు ఎవరితోనూ మాట్లాడాలనిపించకుండా పోయింది. ఒక శుక్రవారం ఫోనులో నా గొంతు విని బాబాయి రిసీవరు తీసుకున్నారు. ఏమీ లేదు బాబాయ్, ఊరికే కూర్చున్నాను అన్నాను.

"ఊకె కూసుంటే కాళ్లకే కాదు బిడ్డా, మనసుకు గూడ ఎక్కుతది చలి. లేచి ఏదన్న పని పట్టు. బట్టలన్న పిండు," అన్నారాయన.

మాట విన్నాను. మాసిన బట్టలన్నీ బకెట్లో వేసుకుని, గురువారం సాయంత్రం ఆరింటికి, బట్టలుతికే గది ఉన్న సెల్లారులోకి దిగాను. అక్కడ పక్కపక్కనే రెండు తలుపులున్నాయి. రెండిటి మీదా టైముల కాగితం అంటించి ఉంది, రెండూ ఫిన్నిషులోనే. గురువారం, ఆరు అనే రెండు మాటలు అర్థమయ్యాయి. అవి ఉన్న తలుపు తీశాను. వేడి గాలి మొహానికి కొట్టింది. ఎదురుగా బల్ల మీద, పుట్టిన రోజున ఎలా ఉన్నారో అలా, ముగ్గురు పెద్దవాళ్లు కూర్చుని ఉన్నారు. మధ్యలో మా ఎదురింటావిడ. అది బట్టలుతికే గది కాదు, సౌనా, ఆవిరి స్నానాల గది. ఆడవాళ్ల వంతు.

ఆవిడ నా మొహం చూసింది, బకెట్ చూసింది. నాతో ఆవిడ మాట్లాడిన మొట్టమొదటి మాట అదే.

"నీళ్లు ఇక్కడ ఉన్నాయి," అంది ఇంగ్లీషులో, ఎంతో మర్యాదగా.

వెనక్కి తిరిగి పారిపోదామనుకున్నాను. కానీ ఆవిడ అప్పటికే పక్కకి జరిగి నాకు జాగా ఇచ్చింది. నాలుగు నెలల తర్వాత ఒక మనిషి నా కోసం జరిగి చోటిచ్చింది. కాదనలేకపోయాను. బకెట్లో ఉన్నవాటిలోంచి పెద్ద తువ్వాలు తీసి చుట్టుకుని, కళ్లు నేలకి దించుకుని కూర్చున్నాను. ఆవిడ మూలనున్న పొయ్యి మీది కాలే రాళ్ల మీద గరిటెడు నీళ్లు పోసింది. బుస్సుమని ఆవిరి లేచి చెవులకి తగిలింది. ఇంకో గరిటె. ఇంకోటి. కాసేపటికి ఒకావిడ లేచి బయటికి వెళ్లింది. తర్వాత ఇంకొకావిడ. నాకు మాత్రం ఎన్నాళ్లకో ఒళ్లు తెలిసినట్టుంది. ఆగస్టు మధ్యాహ్నం అబ్బాసియా బస్టాపులో నిలబడినట్టే ఉంది. భుజాలు వదులయ్యాయి. ఎందుకో కళ్లు చెమర్చాయి కూడా, ఆ ఆవిరిలో ఎవరికీ కనబడలేదు. చివరికి బల్ల మీద మేమిద్దరమే మిగిలాం. ఆవిడ చెంపలు ఎర్రగా కందిపోయాయి. ఏ దేశమని అడిగింది. ఇండియా, కానీ పెరిగింది కువైట్ అన్నాను. కువైట్ అని తనలో తనే అనుకుని, ఒప్పుకుంటున్నాను అన్నట్టు తలూపి, లేచి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి ప్రతి గురువారం ఆవిడే నా తలుపు కొట్టేది. మాటలు తక్కువే. అయితే కోటు వీపు మీద ఏం రాసి ఉందని అడిగిన రోజున, నేను కోడి దగ్గర మొదలుపెట్టి బాబాయి దాకా అంతా చెప్పాను. పద్నాలుగేళ్లు రోజూ మైనస్ పద్దెనిమిదిలో పని అంటే ఆవిడ నవ్వలేదు. ఆయన పాదాలు ఎలా ఉన్నాయి అని అడిగింది. ఆ సంగతి నేనెప్పుడూ అడగలేదని అప్పుడు తట్టింది.

జనవరిలో ఒక ఆదివారం ఆవిడ నన్ను ఏటి ఒడ్డుకి తీసుకెళ్లింది. ఏరంతా గడ్డకట్టి ఉంది. ఒకచోట మంచు కోసి, నలుగురు దిగేంత కన్నం చేసి, చెక్క నిచ్చెన పెట్టారు. జనం పక్కనున్న సౌనాలోంచి వచ్చి, ఆ నల్లటి నీళ్లలో మెడ దాకా దిగి, లేచి, పొగలు కక్కుతూ నడిచి వెళ్తున్నారు. ఆవిడా దిగింది. బస్సు దిగినంత మామూలుగా దిగి ఎక్కింది. నా వంతు వచ్చింది. నిచ్చెన రెండో మెట్టు మీద నాకు బాబాయి గొంతు వినిపించింది. ముందుగాల ఇడువు. ఊపిరి మెల్లగా వదులుతూ దిగాను. ఒళ్లంతా సూదులు గుచ్చినట్టయింది. పది అంకెలు తెలుగులో లెక్కపెట్టి ఎక్కేశాను. ఒడ్డున నిలబడితే చలి లేదు. నవ్వు ఆగలేదు. అక్కడ అంత గట్టిగా నవ్వుతున్నది నేనొక్కదాన్నే.

ఆ శుక్రవారం ఫోనులో బాబాయికి గొప్పగా చెప్పాను.

"డ్యూటీ లేకుండనే దిగిన్రా బిడ్డా?" అని అడిగారు. "జీతం గూడ లేకుండ?"

సరదాకి బాబాయ్ అన్నాను. ఆ మాట నా నోటికే వింతగా వినిపించింది. ఆయన మాత్రం, సరదాకి చలిలోకి దిగే మనుషులు ఉన్నారన్నమాట అని పక్కనున్న నాన్నకి చెప్పి, ఫోను చేతిలో ఉండగానే పగలబడి నవ్వారు. అప్పుడు అడిగాను, పాదాలు ఎలా ఉన్నాయని. వేళ్లకి తిమ్మిరి, మూడు నాలుగేళ్ల నుంచీ ఉన్నదే అన్నారు. ఎవరడిగారు అన్నారు వెంటనే. నేను చెప్పాను. నా చెప్పుల సైజు తొమ్మిది, ఎందుకైనా మంచిది, ఆవిడకి చెప్పు అన్నారు.

ఫిబ్రవరి చివర కువైట్ వచ్చాను. ఆరు నెలలకు మించి బయట ఉంటే ఇఖామా, అంటే కువైట్‌లో ఉండే పర్మిట్టు, ఖలాస్, రద్దయిపోతుంది కాబట్టి, మధ్యలో ఒకసారి వచ్చి ముఖం చూపించి పోవాలి. విమానాశ్రయంలో అమ్మా నాన్నా స్వెట్టర్లలో ఉన్నారు, నేను సగం చేతుల చొక్కాలో. నాన్న గర్వంగా చుట్టూ చూశారు. కానీ మైనస్ ఇరవై ఐదు చూసొచ్చిన నేను ఆ సాయంత్రమే మా ఫ్లాటులో గజగజ వణికాను. అక్కడ గదులన్నీ వెచ్చగా ఉంటాయి, ఇక్కడ హీటరు లేదు, నేలంతా చల్లటి టైల్సు. అమ్మ నవ్వుకుంటూ నా మీద రెండు దుప్పట్లు కప్పింది.

శుక్రవారం బాబాయి వచ్చారు. ఎదురింటావిడ ఇచ్చిన పొట్లం ఆయన చేతిలో పెట్టాను. లోపల మందపాటి ఊలు సాక్సులు రెండు జతలు, బూడిద రంగువి, ఆవిడ చేత్తో అల్లినవి. ఆయన మా హాల్లో నేల మీద కూర్చుని, అప్పటికప్పుడు తొడుక్కుని చూశారు. సరిగ్గా సరిపోయాయి. వేళ్ల దగ్గర రెండు వరసలు ఎక్కువ అల్లి ఉన్నాయి.

ముఖం కూడా చూడని మనిషికి ఆవిడ అల్లి పంపితే తను ఏం పంపాలని ఆయన ఆ రోజంతా మా అమ్మని సతాయించారు. ఖర్జూరం అంది అమ్మ. అదందరూ పంపేదే అన్నారాయన. అక్కడ వాళ్లు కాఫీతో తినే తియ్యటి బన్నులో యాలకులు వేస్తారని నేను చెప్పాను. అంతే, అబ్బాసియాలో తనకి తెలిసిన కిరాణా కొట్టుకి వెళ్లి, పచ్చటి లావు యాలకులు కిలో తెచ్చారు. అక్కడ చిన్న సీసాలో అరచెంచాడు కొనుక్కుంటారు బాబాయ్ అంటే, మరి చలికాలం ఎంత పొడుగుందో నువ్వే కద చెప్పింది అన్నారు.

తిరిగి వెళ్లాక డబ్బా ఎదురింటావిడ బల్ల మీద పెట్టాను. ఆవిడ మూత తీసి, వాసన చూసి, కుర్చీలో కూర్చుండిపోయింది. ఇన్ని యాలకులు ఒక్కచోట తను జీవితంలో చూడలేదంది. ఆ ఆదివారం బన్నులు చేసి, పళ్లెం పట్టుకుని, పదేళ్లుగా తలూపడం తప్ప మాట్లాడని వాళ్ల తలుపులు కూడా కొట్టింది. పళ్లెం ఒక పక్క నేను పట్టుకున్నాను. మార్చి అయిపోయేదాకా మా మెట్లన్నీ పాయసం వాసనే.