బిగింపు బాబాయి, పేపరు పెట్టెలు

ఆ ఆసుపత్రిలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. పెద్ద డాక్టరు మొదలుకొని గేటు దగ్గర వాచ్‌మన్ దాకా అందరికీ ఆయన బిగింపు బాబాయే. మరమ్మతుల విభాగంలో ఫిట్టరు. తలుపు బందులు, కుళాయిలు, మంచాల చక్రాలు, ఏది వదులైనా ఆయనకే కబురు వెళ్తుంది. ఆయన చెయ్యి పడిన స్క్రూ మళ్ళీ ఊడిందన్న మాట ఎవరూ వినలేదు. కాకపోతే అవసరం పడి ఆ స్క్రూని ఊడదీయాలన్నా మళ్ళీ ఆయనే రావాలి.

ఇంట్లోనూ ఇదే తంతు. ఆయన మూత పెట్టిన సీసా తీయడం ఎవరి తరమూ కాదు. భార్య ఆ సీసాని గడప అంచుకేసి కొట్టి, వేడినీళ్ళలో ముంచి, పక్కింటావిడ చేత కూడా ప్రయత్నం చేయించి, చివరికి మొగుడు ఇంటికొచ్చేదాకా పొయ్యి ఆర్పుకుని కూర్చున్న రోజులున్నాయి. “మూత పెట్టమంటే సీలు వేస్తారేమిటండీ?” అని ఆవిడ గొణుగుతుంది. “వదులుగా పెడితే చీమలు పట్టవూ?” అని ఈయన జవాబు. లోకంలో జరిగే నష్టాలన్నీ ఎక్కడో ఒకచోట ఏదో వదులుగా ఉండబట్టే జరుగుతున్నాయని ఆయన గట్టి నమ్మకం.

ఆ నమ్మకం బాగా అక్కరకొచ్చింది మరుగుదొడ్లలోని పేపరు పెట్టెల దగ్గర. అక్కడ చెంబులూ మగ్గులూ ఉండవు, అన్నిటికీ పేపరే. గోడకు బిగించిన గుండ్రటి పెట్టె, లోపల ఇరుసు మీద పెద్ద పేపరు చుట్ట, కింద సందులోంచి వేలాడే కొస. కొస పట్టి లాగితే పేపరు వస్తుంది, పళ్ళ అంచుకు తగిలించి చింపుకోవాలి. చెప్పుకోవడానికి ఇంతే. కానీ కొత్త చుట్ట మహా బరువు. ఒకసారి తిరగడం మొదలెట్టిందంటే ఆపేది ఏదీ లేకపోతే అది ఆగదు. తొందరలో ఉన్నవాళ్ళు ఒక్క గుంజు గుంజితే బారలకొద్దీ పేపరు తడినేల మీద కుప్పపడుతుంది. అది ఇక ఎవరికీ పనికిరాదు. అలా జరక్కుండా ఇరుసు పక్కన ఒక చిన్న స్ప్రింగు, దాన్ని నొక్కి పెట్టే ఒక స్క్రూ ఉంటాయి. అదే బ్రేకు.

ఆయన రాకముందు ఆ బ్రేకును పట్టించుకున్న నాథుడు లేడు. ఆయన వచ్చాక కొత్త చుట్ట ఎక్కించిన ప్రతిసారీ ఒక చేత్తో పెట్టెని అదిమి పట్టుకుని, రెండో చేత్తో కొస గుంజి చూసేవాడు. చుట్ట ఎంత లాగితే అంతే తిరిగి టక్కున ఆగాలి. అలా ఆగేదాకా బిగించి, “ఇది నా తరఫున” అంటూ ఇంకొంచెం తిప్పేవాడు. మరుగుదొడ్లు కడిగే ఆయమ్మ ఆయన కనబడితే చాలు దండం పెట్టేది. “నువ్వొచ్చాక వంగి ఏరే పని తప్పింది బాబాయ్, నా నడుం నీ పేరే చెప్పుకుంటోంది” అనేది. ఆ మాటకు ఆయన పొంగిపోయి, ఆ వేళంతా ఈల వేసుకుంటూ తిరిగేవాడు.

ఆయనకు అక్క అంటే అమ్మ కింద లెక్క. తల్లి పోయేనాటికి ఈయన లాగు బొత్తాలు పెట్టుకోవడం కూడా రానంత చిన్నవాడు. అక్క కుట్టుమిషను తొక్కి తమ్ముణ్ణి పెంచింది. తను మాత్రం పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, “వీడి బొత్తాలు పెట్టేసరికే పొద్దు గూకిపోతోంది, ఇంకొకడివి కూడా నేనెక్కడ పెట్టను?” అని నవ్వేసేది. తమ్ముడికి ఉద్యోగం వచ్చి, ఇల్లాలు వచ్చాక కూడా అక్క వాళ్ళతోనే ఉంది, ముందుగదిలో మిషనుతో సహా.

పోయిన వానాకాలంలో ఒక పొద్దున అక్క ఆ మిషను ముందు కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయింది. పక్షవాతం. మాట దక్కింది, కాలు కొంతవరకు దక్కింది. కుడిచెయ్యి మాత్రం ఎవరో ఒళ్ళో పెట్టి మరిచిపోయి వెళ్ళిన వస్తువులా ఉండిపోయింది. తమ్ముడు పనిచేసే ఆసుపత్రిలోనే చేతికి వ్యాయామం మొదలుపెట్టారు. వ్యాయామం చేయించే అమ్మాయి మొదటి రోజే విడమరిచి చెప్పింది. చెయ్యి తిరిగొచ్చే అవకాశం ఉంది, కానీ వస్తే ఈ కొద్ది నెలల్లోనే రావాలి, మధ్యలో మానేస్తే వేళ్ళు అలాగే బిగుసుకుపోతాయి, ఆ తర్వాత ఎవరూ ఏమీ చెయ్యలేరు.

అక్కా తమ్ముడూ కలిసి బస్సులో వెళ్ళేవాళ్ళు. కొన్నాళ్ళకు అక్క కుడిచెయ్యి మెత్తటి బంతిని నొక్కగలిగింది. ఆ కబురు చెప్పడానికి తమ్ముడు పని వదిలేసి భార్యకు ఫోను చేశాడు. సరిగ్గా అప్పుడే అక్క ఎదురు తిరిగింది. “ఇక చాల్లేరా, ఈ వయసులో చెయ్యొచ్చి నేనేం కుట్టాలి?” అంది. మర్నాడు బస్సు కుదుపులు ఒంటికి పడటం లేదంది. ఆ మర్నాడు వ్యాయామం అమ్మాయి చేతులు మరీ చల్లగా ఉంటున్నాయంది.

తమ్ముడికి ఒళ్ళు మండింది. “నా చదువు కోసం రెక్కలు ముక్కలు చేసుకున్నావు కదా, నీ చేతి కోసం ఒక బస్సెక్కలేవా?” అని అరిచాడు. అక్క గోడ వైపు తిరిగి పడుకుంది. “మీ ఇద్దరి మొండితనాన్నీ తూచి చూస్తే మొగ్గు ఎటూ ఉండదు” అని భార్య విసుక్కుంది. అన్నాలు చల్లారిపోయాయి.

వారం గడిచింది. వ్యాయామం అమ్మాయి వరండాలో ఆయన్ని ఆపింది.

“బాబాయ్‌గారూ, అక్కగారు రావడం లేదేం?”

“మొండితనమమ్మా, ఏం చెప్పను.”

“మొండితనం కాదండీ. చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు. చెయ్యి పోవడం కంటే ఒట్టు పోవడమే నయం, చెప్పేస్తున్నాను. ఇక్కడికొచ్చే రోజున ఆవిడ పొద్దున లేచింది మొదలు మంచినీళ్ళు ముట్టుకోరు. మొన్నొకసారి కళ్ళు తిరిగి నా మీదే వాలిపోయారు. గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు బయటపెట్టారు. మా గది పక్కన మరుగుదొడ్లో పేపరు ఆవిడకి రాదట. ఒంటిచేత్తో లాగితే గోరంత ముక్కలు ఊడొస్తాయట. ఒకరోజు లోపలే ఉండిపోయారు, బయట ఎవరో తలుపు బాదేస్తున్నారట. ఆ తర్వాత ఇంక నీళ్ళు తాగడమే మానేశారు. తాగకపోతే వెళ్ళే పనే ఉండదు కదమ్మా అన్నారు.”

ఆ అమ్మాయి ఇంకేదో చెబుతూనే ఉంది. ఆయన చెవికి ఎక్కలేదు. ఆ పెట్టె బ్రేకు బిగించింది తనే.

ఆయమ్మను తలుపు దగ్గర కాపలా పెట్టి ఆయన లోపలికి వెళ్ళాడు. కుడిచెయ్యి జేబులో దూర్చుకున్నాడు. ఎడమచేతిని చేతులు కడుక్కునే కుళాయి కింద తడిపి కొస పట్టి లాగాడు. చిన్న ముక్క ఊడి వేళ్ళకు అంటుకుపోయింది. మళ్ళీ లాగాడు, మళ్ళీ ముక్కే. కొస పైకి వెళ్ళిపోయి సందులో దాక్కుంది. పెట్టె తెరిచి చూస్తే చుట్ట చాలావరకు అయిపోయి సన్నగా మిగిలింది.

అప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళూ ఆయన పరీక్షించింది నిండు చుట్టనే. నిండు చుట్ట పెద్ద చక్రం, అంచు పట్టి లాగితే తేలిగ్గా తిరుగుతుంది. అది సన్నబడేకొద్దీ అదే బ్రేకు మీద దాన్ని తిప్పడానికి బలం ఎక్కువ కావాలి. అంత బలానికి పేపరు ఆగదు, చిరుగుతుంది. రెండు చేతులున్నవాళ్ళు సందులోంచి వేలు పోనిచ్చి చుట్టను తోస్తూ, బిగించినవాడికి నాలుగు అక్షింతలు వేసి ఎలాగో గట్టెక్కుతారు. ఒంటిచేతి మనిషికి ఆ దారి లేదు. సన్నబడిన చుట్టను ఆయన ఏనాడూ లాగి చూడలేదు. అయిపోవచ్చిన చుట్ట దగ్గర ఫిట్టరుకు పనేముంటుంది? ఆయనకు తల కొట్టేసినట్టయింది. అక్క ఈ గోడల మధ్య ఎంతసేపు నిలబడి ఉంటుందో!

వెంటనే స్క్రూ వదులు చేసి పారేశాడు. మర్నాటికి ఆయమ్మ చీపురు పుచ్చుకుని వచ్చేసింది. “ఏం బాబాయ్, నా దీవెనలు వెనక్కి తీసుకోమంటావా? ఎవరో కొత్త చుట్ట పెట్టారు, సగం నేల మీదే ఉంది.” బిగిస్తే అక్కకు చేటు, వదిలితే ఆయమ్మ నడుముకు చేటు.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్తే ఆయన ఒక చేతిలో నిండు చుట్టనూ ఇంకో చేతిలో అయిపోవచ్చిన చుట్టనూ పెట్టుకుని పనిగదిలో కూర్చున్నాడు. ఒక చెయ్యి కిందికి గుంజేస్తోంది, ఇంకో చేతిలో ఏమీ లేనట్టే ఉంది. ఆపాల్సింది బరువున్నదాన్ని. బరువు లేనిదాన్ని ఎవరూ ఆపనక్కర్లేదు, అది తనే ఆగుతుంది. మరి ఆ బరువే బ్రేకు వేస్తే?

స్ప్రింగు పీకేశాడు. ఇరుసు నిలువు గాడిలో కిందికి జారేలా చేసి, చుట్ట తన బరువుతో తనే ఒక వంపు రేకు మీద ఆనేలా అమర్చాడు. నిండుగా ఉన్నప్పుడు గట్టిగా ఆనుతుంది, తనను తనే ఆపుకుంటుంది. సన్నబడేకొద్దీ ఆనడం తగ్గి, లాగితే తేలిగ్గా వస్తుంది. మొదటి రేకు పేపరును గీరి పీచుపీచు చేసింది. రెండోది మరీ నున్నగా ఉండి చుట్టను ఆపలేదు. మూడోసారి రేకు మీద మందపాటి ఉన్నిగుడ్డ అంటించాడు. కుడిచెయ్యి జేబులో పెట్టుకుని, ఎడమచెయ్యి తడుపుకుని, నిండు చుట్టా సగం చుట్టా కొసాకి వచ్చిన చుట్టా మార్చి మార్చి లాగుతుంటే, “బాబాయికి కూడా చెయ్యి పడిపోయిందిరోయ్” అని తోటివాళ్ళు నవ్వారు. ఆయన తలెత్తలేదు. మహిళల మరుగుదొడ్లో ఆ పెట్టె పెట్టాక, ఒక చుట్ట మొత్తం అయ్యేదాకా నేల మీద పేపరు కనబడలేదని ఆయమ్మ ఒప్పుకుంది. ఆ పెట్టెలో ఆయన బిగించడానికి ఏమీ మిగల్లేదు.

మర్నాడు పొద్దున ఆయన అక్క మంచం పక్కన కూర్చున్నాడు.

“పదక్కా, వెళ్దాం.”

“రానని చెప్పానుగా.”

“ఆ పెట్టె బిగించింది నేనేనక్కా” అన్నాడు. అనేసి తల వంచుకున్నాడు.

“తెలుసు.”

“తెలుసా? ఎప్పట్నుంచి?”

“పేపరు పట్టి లాగిన రోజు నుంచే. ఈ భూమ్మీద అంత బిగించేవాడు ఇంకెవడున్నాడురా?”

“మరి నాకు చెప్పొచ్చు కదా!”

“ఎలా చెప్పను? మొదటి రోజు నన్ను వరండా పొడుగునా నడిపిస్తూ ఏమన్నావు? ‘ఈ పేపరు పెట్టెలన్నీ నా చేతిపనే అక్కా, ఒక్క ముక్క నేల రాలదు’ అన్నావు. నీ మొహం అంతలా వెలగడం నేను చూసి ఎన్నేళ్ళయిందో. అది బాగాలేదని నా నోటితో నేనెలా అనేది?” అక్క తన కుడిచేతిని ఎడమచేత్తో పైకెత్తి ఒళ్ళో సర్దుకుంది. “దీనిదేముందిలే, ఇంకోటుంది కదా.”

ఆయనకు దుఃఖం ఆగలేదు. “నా పని గంగలో కలవనీ అక్కా, నాకు నీ చెయ్యి కావాలి” అంటూ ఆ చేతిలోనే మొహం పెట్టుకుని ఏడ్చాడు.

అక్క ఏడవనిచ్చింది. కాసేపటికి అడిగింది. “ఇప్పుడు వస్తుందా పేపరు?”

“వస్తుంది. తడిచేత్తో లాగి చూశాను.”

“ఎడమచేత్తోనేనా?”

“ఎడమచేత్తోనే. చుట్ట కొసాకి వచ్చినప్పుడు కూడా.”

అక్క తమ్ముడి మొహంలోకి పరీక్షగా చూసింది. తర్వాత వంటింటి వైపు తిరిగి, “అమ్మాయ్, ఒక గ్లాసు మంచినీళ్ళియ్యి” అంది.

మరదలు గ్లాసు తెచ్చింది. అక్క ఎడమచేత్తో అందుకుని గుక్క తిప్పుకోకుండా అడుగుదాకా తాగేసింది. గ్లాసు తిరిగి ఇస్తూ, “ఇంకో గ్లాసు పొయ్యి” అంది.