శ్రీరామజయం పెట్టిన సీడీ

తొంభైల చివర్లో నల్గొండలో సీడీ రాసే మిషను ఉన్న కంప్యూటర్ సెంటర్ తమదొక్కటేనని మా ఓనరు గొప్పలు పోయేవాడు. దానికి పసుపు కుంకుమ పెట్టడం తప్ప దాని గురించి ఆయనకు తెలిసింది సున్నా. నేను అక్కడ టైపు పని చేసేదాన్ని.

మా బాపుది చిటికి నేత. నూలుకు ముందే ముడులు కట్టి, రంగుల్లో ముంచి, మగ్గం మీద బొమ్మ తేల్చే నేత. మా ఊరి నేతగాళ్ల సంఘం చీరల ఫోటోలతో పుస్తకం వేస్తామంది. ప్రతి చీర కింద నేసినవాని పేరుంటుంది, బొంబాయి వాళ్లు చూసి నేరుగా ఆర్డరిస్తారు. బాపు సొంతంగా కల్పించిన పావురాల కొంగు కూడా అందులో ఉంది. ఆయన పేరు అచ్చవడం అదే మొదలు. ఫోటో చీరకే, తనకు కాదని తెలిసి కూడా ఫోటోలు తీసిన రోజు గడ్డం గీయించుకొని వచ్చాడు.

ఆ ఫోటోలను సీడీకెక్కించే పని మా సెంటరుకే వచ్చింది. స్కాన్ చేసి, ప్రతి ఫైలుకూ నేతగాని పేరు పెట్టాను. ఓనరు గయ్యిమన్నాడు.

"ముందుగాల శ్రీరామజయం లేకుంట ఏ పనన్న మొదలువెడ్తరా?"

పెండ్లి పత్రికకు రాసినట్టే ప్రతి ఫైలు పేరుకూ ముందర ఇంగ్లీషు అక్షరాల్లో శ్రీరామజయం చేర్పించాడు.

సీడీ రాసేముందు పేర్లు ఏ పద్ధతిలో ఉండాలని కంప్యూటర్ అడుగుతుంది. పుస్తకం అచ్చువేసే సిటీ ప్రెస్సులో ఉన్నది మాకింటోష్ కంప్యూటర్. దాని పద్ధతి ఎంచుకుంటే పొడుగు పేర్లు నిలుస్తాయి. అన్ని కంప్యూటర్లలో తెరుచుకునే పాత పద్ధతిలో మొదటి ఎనిమిది అక్షరాలకు మించి మిగలవు.

"పాతదైతే అందరి పేర్లు తెగుతయ్ సార్" అన్నాను.

"అన్నిట్ల తెరుసుకునేదే పెట్టు. దేవుని పేరున్నంక ఫికరెందుకు?"

చెవిటివాని ముందు శంఖం ఊదినట్టయింది.

ఆ ఎనిమిది అక్షరాలూ శ్రీరామునికే సరిపోయాయి, ప్రెస్సుకు చేరినవాళ్లంతా రాములే. చివర కంప్యూటర్ వేసిన అంకెలు తప్ప తేడా లేదు. ఆ ప్రెస్సువాడేమన్నా తక్కువ తిన్నాడా? ఒక్క ఫోను కొట్టిన పాపాన పోలేదు. సంఘం ఇచ్చిన పేర్లను తోచిన ఫోటో కింద అతికించాడు. బాపు పేరు ఎవరో నేసిన చీర కింద పడింది. పావురాల కింద సంఘం అధ్యక్షుని అల్లుని పేరు పడింది. మగ్గం గుంటలో సరిగ్గా కాలు పెట్టని మనిషి, మర్యాదకు పుస్తకంలో చేర్చిన పేరు!

పుస్తకం తెచ్చి ఓనరు ముందు పడేస్తే, "ఫోటోలైతే మంచిగొచ్చినయ్ గద" అన్నాడు. ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

బొంబాయి ఆర్డరు పావురాలకే వచ్చింది, అల్లుని పేరు మీద. మొదటి ముడి ఎక్కడ కట్టాలో తెలియని ఆ పెద్దమనిషి సిగ్గు లేకుండా మా ఇంటికే వచ్చాడు.

"మామా, జర నువ్వే నేసియ్యి. పేరు నాదే ఉండనీ."

బాపు మంచినీళ్లిచ్చాడు. ఆ పేజీ తెరిచి అతని ముందు పెట్టాడు.

"ఈడ నీ పేరే ఉన్నది గద బిడ్డా. నువ్వే నెయ్యి."

ఆర్డరు వెనక్కి పోయింది. బాపు ఆ తర్వాత పావురాలు కట్టలేదు. మా ఊళ్లో ఇంకెవరికీ అవి కట్టడం రాదు.