గుమ్మం ముందు ఆక్టోపస్

చేతికట్టు విప్పి నెలలు దాటినా అమ్మ ముగ్గు డబ్బా ముట్టుకోలేదు. బాత్రూంలో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. వేళ్లు కదిలించకపోతే బిగుసుకుపోతాయని నరసరావుపేట డాక్టరు చెప్పి చెప్పి విసిగిపోయాడు. పిసకమని ఇచ్చిన రబ్బరు బంతి టీవీ పక్కన దుమ్ము పట్టిపోయింది. మా వాకిట్లో ముగ్గు పక్కింటి పిన్ని వేసి వెళ్లేది. అది చూసి అమ్మ మొహం తిప్పుకునేది. ఆ చెయ్యి ఇక అంతేనేమోనని నాకు భయం పట్టుకుంది.

నేను బళ్లో సైన్సు చెబుతాను. ధనుర్మాసంలో ఒక ఆదివారం ఫోన్లో వీడియో కనబడింది. వెలుతురే చేరని సముద్రం అడుగున, రోబో కెమెరా ముందు ఒక ఆక్టోపస్. గులాబీ రంగు, తలకి అటూ ఇటూ చెవుల్లాంటి చిన్న రెక్కలు. పెనం మీద దోసెలా నేలకి పరుచుకుని కూర్చుంది. ఇన్నేళ్లు పాఠాలు చెప్పినా ఇలాంటిదొకటి ఉందని నాకే తెలియదు. పట్టలేని సంబరంతో ఫోన్ తీసుకెళ్లి అమ్మ చేతిలో పెట్టాను. దీనికి ఒంట్లో ఒక్క ఎముక కూడా లేదని చెప్పాను.

"అదృష్టవంతురాలు. ఇరిగేదేం లేదు" అంది అమ్మ. కానీ ఫోన్ తిరిగివ్వలేదు.

ముగ్గులో వేస్తే ఎంత బాగుంటుందోనని ఆశపెట్టాను. కుదరదంది. ఎనిమిది కాళ్లూ తలో దిక్కూ పోతాయట, కొసలు కలవని గీత గుమ్మం ముందు పనికిరాదట. నా ఉత్సాహం మీద నీళ్లు చల్లేసింది.

అంతలో ఆక్టోపస్ పైకి లేచింది. కాళ్ల మధ్య చర్మం గొడుగు గుడ్డలా విచ్చుకుంది. అమ్మ ఫోన్ కళ్ల దగ్గరికి తెచ్చుకుంది.

"ఏందే, కాళ్లన్నీ కలిసే ఉండాయే!"

మర్నాడు తెల్లారి వాకిట్లో అలికిడైతే వెళ్లి చూశాను. అమ్మ కుడిచేత్తో ముగ్గు వేస్తోంది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. వేళ్లు వణుకుతుంటే ముగ్గు ముద్దలు ముద్దలుగా పడుతోంది. ఒక కాలు లావు, ఇంకోటి సన్నం. మధ్యలో ఆగి మణికట్టు పట్టుకుంది. సాయానికి డబ్బా అందుకోబోతే కసిరింది. ఆఖరి కాలిని మొదటి కాలితో కలిపి లేచేసరికి అంత చలిలోనూ ఆమెకి చెమటలు పట్టాయి.

పిన్ని తన ముగ్గు డబ్బాతో వచ్చి, వింతగా చూసి, అదేందక్కా అంది. అమ్మని చెప్పనివ్వకుండా సముద్రం, రోబో, ఎముకల్లేని ఒళ్లు అన్నీ నేనే గడగడా చెప్పేశాను. పిన్నికి సగం అర్థమైనట్టు లేదు. పోనీలే, రేపు మంచి పద్మం వేస్తానంది.

అమ్మ డబ్బా మూత కుడిచేత్తోనే బిగించింది.

"రేపట్నించి నువ్వు అవస్థపడమాకే. దీనికి పిల్లల్ని ఎయ్యాల నేను."