కుర్చీ ముందు నిలబడ్డ పాస్టరు

టెగ్విన్ రీస్ ఎవరని ఇవాళ మా వేల్స్‌లో అడిగి చూడండి, తెల్లమొహం వేస్తారు. వేయక ఏం చేస్తారు మరి! బ్రిన్‌గాద్ పలకరాతి గని పక్కన ప్రార్థన మందిరంలో ఆయన ఇరవై రెండేళ్లు ప్రసంగాలు చేస్తే, సగం ఊరు హాయిగా కునుకు తీసింది. పద్యం దగ్గర మాత్రం చేయి తిరిగినవాడు. ఆ సంగతి ఆయనకూ బాగా తెలుసు.

ఏటా జరిగే కవుల పోటీకి మారుపేరుతో పద్యం పంపాలి. గెలిచిన మారుపేరు పిలవగానే కవి జనంలోంచి లేచి నిలబడాలి, అప్పుడు బహుమానంగా చెక్కిన కుర్చీ ఇస్తారు. టెగ్విన్ పంపాడన్న మాట సంఘ పెద్ద హ్యూ పారీ చెవిన పడింది.

“అయ్యగారూ, అక్కడ మీరు లేచారో, మర్నాడే మూటాముల్లె సర్దుకోండి! దేవుడి పని చేసేవాళ్లకి చప్పట్ల పిచ్చేంటండీ?”

“ముందు గెలవనివ్వండి పెద్దాయనా. తర్వాత గెంటుదురుగాని.”

యాభై ఏడేళ్ల వయసులో ఇల్లూ జీతమూ పోతే ఎక్కడికి పోవాలి? అయినా తన పద్యాన్ని తనదని నలుగురిలో ఒక్కసారైనా అనకుండా చావడం ఆయనకు ససేమిరా ఇష్టం లేదు.

పోటీ రోజు గుడారంలో న్యాయనిర్ణేత ముందుగా ఓడిన పద్యాలను ఉతికి ఆరేశాడు. “‘ఒంటరి తండ్రి’ అట! యతి లేదు, లెక్క లేదు. వినండి: ‘నిన్ను మట్టిలో పెట్టి వచ్చాను, నీ ఎర్ర చేతితొడుగు నా జేబులోనే ఉండిపోయింది.’” గుడారమంతా నవ్వు.

టెగ్విన్ నవ్వలేదు. పోయిన చలికాలం పారీ కూతురిని పాతిపెట్టింది తనే. ఆ తండ్రి పిడికిట్లో ఎర్ర తొడుగు చూసింది తనే. వెనక్కి తిరిగి చూస్తే పారీ తల వంచుకుని ఉన్నాడు, చెవులు ఎర్రగా కందిపోయాయి.

బాకా మోగింది. “‘కొండగాలి’! ఎక్కడున్నా లేవండి!”

టెగ్విన్ లేచాడు. వేదిక ఎక్కి, కూర్చోకుండా జనం వైపు తిరిగాడు.

“ఈ కుర్చీ నాదే. బాగా రాశాను, సందేహం లేదు. కానీ మీరు నవ్వారే, ఆ చేతితొడుగు మాట, అది రాయడం నా వల్ల కాదు. సిగ్గుపడండి!”

ఆనవాయితీ ప్రకారం వేదిక మీది పెద్దకవి కత్తి సగం దూసి, “శాంతేనా?” అని అడిగాడు. అందరూ ఒప్పుకుంటేనే కుర్చీ. ఎవరూ నోరు మెదపలేదు.

“శాంతేనా?”

వెనక వరసలో హ్యూ పారీ లేచి నిలబడ్డాడు.

“శాంతే! ఆయన మా అయ్యగారు!”

టెగ్విన్ అప్పుడు కూర్చున్నాడు.