బెరడు, బిరడా

నిన్నటి వానకు అట్టపెట్టెలు తడిసి గదంతా ముక్కిన వాసన వేసింది. ఆ వాసన తగిలితే నేను ఒకచోట ఉండలేను, లేచి అటూ ఇటూ తిరుగుతాను. మస్కట్‌లో, అజైబా వైపు ఒక హోటల్లో, కార్క్ బిరడా పాడై చెడిపోయిన వైన్ సరిగ్గా ఇలాగే వాసన వేసేది. దాన్ని పసిగట్టడం నాకు నేర్పింది మాన్యుయెల్ సార్. పోర్చుగల్ మనిషి, డైనింగ్ హాలుకు పెద్ద. తొంభైల చివర్లో ఆయన కింద సీసాలు తెరిచే డ్యూటీ చేశాను. తీసిన ప్రతి బిరడానూ ఆయన ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. నాకది చాదస్తంలా కనిపించేది.

ఒక నెలలో ఆ వాసన వస్తోందని అతిథులు వరసగా సీసాలు తిప్పి పంపారు. మేనేజర్ మమ్మల్ని పిలిచి, ఇకపై కార్క్ మాని ప్లాస్టిక్ బిరడాల సీసాలే తెప్పిద్దామా అన్నాడు. "తెరిచేవాడివి నువ్వు. ఏది నయం?" అని నా వైపు తిరిగాడు. అంత పెద్దాయన నన్నడగడమే నాకు గొప్ప. "ప్లాస్టికే నయం సార్. చెట్లు కొట్టే పని గూడ తప్పుతది" అనేశాను. అందరూ తలలూపారు. మాన్యుయెల్ సార్ ముఖం వాడిపోయింది.

బయటికొచ్చాక ఆయన సగం హిందీ, సగం ఇంగ్లీషు కలిపి అడిగాడు. "ఈ మూతను మీ భాషలో ఏమంటారు?"

"బిరడా."

"చెట్టు పైతోలును?"

"బెరడు" అన్నాను. రెండు మాటలూ పక్కపక్కన వినిపించి తెల్లబోయాను.

"చూశావా, మీ మాటలోనే ఉంది. మా ఊళ్లో మా ఇంటివాళ్లకు ఈ చెట్ల అడవి ఉంది. మేం చెట్టు కొట్టం. తొమ్మిదేళ్లకోసారి బెరడు వలుస్తాం, మళ్లీ పెరుగుతుంది. అది అమ్ముడుపోకపోతే మా అన్న ఆ అడవినెందుకు ఉంచుతాడు? కొట్టేసి నీలగిరి చెట్లు పెడతాడు."

ఆయన నాకు ఇంకేం చెప్పక్కర్లేకపోయింది. మా నాయిన తాడిచెట్లు గీసేవాడు. కల్లు అడిగేవాళ్లు తగ్గాక మా ఊళ్లో వాటిని దూలాలకు కొట్టేశారు. అది కళ్లారా చూసిన నేనే ఆ మాటన్నాను. మర్నాడు మేనేజర్ దగ్గరికి పరుగెత్తి "తప్పు చెప్పిన సార్" అన్నాను. ఆర్డర్ వెళ్లిపోయిందన్నాడు.

ఒక్క హోటల్‌తో అడవి పోదని నాకూ తెలుసు. అయినా మనసు కుదురుగా ఉండలేదు. రెండేళ్ల తర్వాత సెలవు నుంచి వచ్చిన మాన్యుయెల్ సార్, వాళ్లన్న సగం అడవి నరికించాడని చెప్పాడు. "నీ వల్ల కాదులే" అని ఆయనే నన్ను ఓదార్చాడు. అదే ఇప్పటికీ మింగుడుపడదు.

ఇప్పుడు మా ఊరి సభల్లో ఎవరైనా చెట్లను కాపాడదామంటూ లేస్తే, ఆ చెట్టు ఎవరికి అన్నం పెడుతోందని ముందు అడుగుతాను. విసుక్కుంటారు, అడ్డుపుల్ల అంటారు. అననీ. తెలియని చెట్టు గురించి మరోసారి గొప్పగా మాట్లాడటం నా వల్ల కాదు.