దొరసాని ముక్కు మీద పుండు

ఆ రోజుల్లో, అంటే డెబ్భైల మొదట్లో, పశువైద్యం పట్టా పుచ్చుకున్న ప్రతి కుర్రాడికీ తనకి తెలియని జబ్బు భూమ్మీద లేదన్న నమ్మకం ఉండేది. నాకు అందరికన్నా ఓ పిసరు ఎక్కువే ఉండేది. కంకిపాడుకి కాస్త దూరంలో ఓ పల్లెటూరి పశువుల ఆసుపత్రిలో వేశారు నన్ను. గేదెలు, ఎడ్లు, అప్పుడప్పుడూ తెగులు తగిలిన కోళ్ళు, ఇవీ నా రోగులు. పిల్లిని ఆసుపత్రికి తీసుకెళ్తే జనం నవ్విపోయే కాలం అది. కాలేజీలో కూడా పిల్లుల గురించి ఒకే ఒక్క మధ్యాహ్నం చెప్పారు. (ఆ మధ్యాహ్నం నేను వెనక బెంచీలో నిద్రపోయాను.)

అలాంటిది ఓ సోమవారం పొద్దున్నే ఓ మామ్మగారు తట్టలో పిల్లిని పెట్టుకుని, పైన తువ్వాలు కప్పి తెచ్చింది. మిషను ఆసుపత్రి పురుళ్ళ గదిలో ముప్ఫై ఏళ్ళు ఆయాగా చేసి, మా ఊరి బళ్ళో మాస్టారుగా ఉన్న కొడుకు దగ్గరికి వచ్చేసిన మనిషి. పిల్లి పేరు దొరసాని. ఒళ్ళంతా వెన్నముద్దలా తెల్లగా ఉంది గానీ, ముక్కు మీద, చెవుల కొసల మీద పుండ్లు పడి, చెక్కు కట్టి, చూడటానికే భయంగా ఉంది.

"డాక్టరు బాబూ, ఆదివారం లోపల తగ్గకపోతే మావాడు దీన్ని గోతాంలో కట్టి ఏరు దాటించేస్తానంటున్నాడు. చిన్నపిల్లలున్న ఇల్లు, వాళ్ళకంటుకుంటుందని వాడి భయం. ఇది లేకపోతే నాకు పొద్దుపోదు బాబూ, మీరే ఏదో ఒకటి చెయ్యాలి" అంది. మా వైపు పిల్లిని వదిలించుకోవాలంటే కృష్ణ దాటించాల్సిందే. ఇవతల ఎక్కడ వదిలినా మర్నాటికల్లా మన పాలగిన్నె దగ్గరే ఉంటుంది. (మేం పడవెక్కించిన పిల్లులన్నిటినీ అవతల గుంటూరు జిల్లావాళ్ళు ఎలా భరించేవారో, వాళ్ళ పిల్లులు ఎక్కడికి వెళ్ళేవో నాకిప్పటికీ తెలియదు.)

"గజ్జి" అన్నాను, తట్ట కింద పెట్టకముందే. మా కాంపౌండరు మొహమాటంగా దగ్గి, "ఓసారి చూసి చెబుదామాండీ?" అన్నాడు. సరే, బ్లేడుతో చెక్కు గీకి, ఎండ పడితే గానీ కళ్ళు తెరవని మా మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. ఒక్క పురుగు కనబడలేదు. లేదంటే లేదని ఊరుకోవచ్చు కదా! "లోపలికి దాక్కుని ఉంటాయి" అని తీర్పు చెప్పి, గంధకం మలాం రాశాను. పిల్లికి పైన పూసిందల్లా లోపలికి తాగించినట్టేనన్న సంగతి అప్పుడు తెలిసింది. దొరసాని ఆ మలామంతా శుభ్రంగా నాకేసి, మాస్టారి కొత్త చెప్పుల్లో కక్కింది. మర్నాడు ఊదారంగు మందు పూశాను. నాలుక, మీసాలు, కాళ్ళు ఊదారంగయ్యాయి. అదే కాళ్ళతో మాస్టారు దిద్దుతున్న అరసంవత్సరం పరీక్ష పేపర్ల మీద నడిచింది. "మీ వైద్యం బాగానే ఉందండీ, పిల్లలందరికీ మార్కులు అదే వేసేసింది" అన్నారాయన, నవ్వకుండా.

పరువు పోతోందని, నాకే వప్పజెప్పండి, నా గదిలో పెట్టుకుని కనిపెట్టుకుని ఉంటానన్నాను. కాలవ గట్టున మేడమీద గది నాది. పొద్దు వాలగానే కాలవలోంచి దోమలు లేచేవి. నేను దీపం పెట్టే వేళకే దోమతెరలో దూరి చదువుకునేవాణ్ణి. దొరసాని కూడా నాతోపాటు దూరి, నా కాళ్ళ దగ్గర పడుకునేది. మెడ చుట్టూ అట్టముక్క కట్టి రోజూ మలాం పూశాను. పదిరోజులకి పుండ్లు మాని, లేత చర్మం వచ్చింది! తట్ట నెత్తిన పెట్టుకోవడం ఒక్కటే తక్కువ, ఊరేగింపుగా తీసుకెళ్ళి అప్పగించాను. "మీ హస్తవాసి గొప్పదండీ" అన్నారు మాస్టారు. కాదనలేదు.

మరో పదిహేను రోజులకి పుండ్లు మళ్ళీ వచ్చాయి, ఈసారి ఇంకా ఎక్కువగా. మాస్టారు గోతాం దులిపి గుమ్మంలో పెట్టేశారు. తెల్లారితే ఆదివారం. సాయంత్రం తల వంచుకుని వాళ్ళింటికి వెళ్ళాను. మామ్మగారు వరండాలో కూర్చుని ఉంది. కళ్ళు తడిగా ఉన్నాయి గానీ నన్ను ఒక్క మాట అనలేదు.

"మీ గదిలో ఇది ఎక్కడ పడుకునేది బాబూ?" అని మాత్రం అడిగింది.

"నా దోమతెరలో, మామ్మగారూ."

"ఇక్కడ బయట మెట్టు మీద పడుకుంటుంది. ఇలా కూచోండి. మాట్లాడకుండా చూడండి."

కూచున్నాను. మెట్టు మీద దొరసాని కునుకు తీస్తోంది. చీకటి పడుతుండగా దోమలు వచ్చాయి. వీపు మీద వాలినవి బొచ్చులో దారి దొరక్క లేచిపోయాయి. ముక్కు మీద వాలింది మాత్రం కదల్లేదు. చెవి కొసన మరొకటి. కరెక్టుగా పుండ్లున్న చోటే, బొచ్చు పలచగా ఉన్న చోటే!

"వారం నుంచి చూస్తున్నా బాబూ. మా ఆసుపత్రిలో కూడా దోమ కుడితే కొందరు పిల్లలకి దద్దురు లేచేది, కొందరికి పుండే పడేది. దీనికీ అంతేనేమో" అంది, తప్పేమన్నా మాట్లాడానా అన్నట్టు.

అబద్ధమెందుకు, ఆవిడ కాళ్ళకి దండం పెట్టాలనిపించింది. సంవత్సరాల తరబడి చదివాను గానీ, ఒక్క సాయంత్రం ఆ పిల్లి పక్కన కూర్చుని చూడలేదు. అయినా కుర్ర డాక్టరు అహం ఊరికే పోతుందా? "దోమతెరలో పడుకోబెట్టండి, మలాం కూడా రాయండి" అని డబ్బా చేతిలో పెట్టాను. "అలాగే బాబూ" అంది.

"పిల్లికి దోమతెరా!" అని మాస్టారు నోరు తెరిచారు. నేను బతిమాలితే రెండు ఆదివారాలు గడువిచ్చారు. రెండో ఆదివారానికి దొరసాని ముక్కు నున్నగా ఉంది. తల్లి దోమతెరకున్న చిరుగుని మాస్టారే సూదీదారం పట్టుకుని కుడుతుండగా చూశాను. మామ్మగారు నా మలాం డబ్బా తిరిగిచ్చేసింది. మూత కూడా తీయలేదు.

చాలా ఏళ్ళ తరవాత, నేను పెద్ద డాక్టరునని నలుగురూ అనుకునే రోజుల్లో, ఓ కొత్త వైద్య పుస్తకం తిరగేస్తుంటే కొన్ని పిల్లులకి దోమకాటు ఒంటికి సరిపడక ముక్కు మీద, చెవుల మీద పుండ్లు పడతాయనీ, దోమలు కుట్టని చోట ఉంచితే మానతాయనీ కనిపించింది. ఎక్కడో విదేశాల్లో కనుక్కున్నారట. చదివి, నాకు తెలియకుండానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసి, "ఎవరొచ్చారండీ?" అంది.

"మామ్మగారు" అన్నాను.