పామిడి బస్సులో గొడ్డలి

2002 వేసవి. ఉదయం ఆరుంబావుకు అనంతపురంలో పామిడి వైపు పోయే ఆర్డినరీ బస్సెక్కాను. నన్ను కదిలించింది సంతకం కోసం నా బల్ల మీదికి వచ్చిన ఒక కాగితం.

పద్దెనిమిదేళ్ళు సైన్యంలో బండ్లూ జనరేటర్లూ బాగుచేసి వచ్చాక, బోరు మోటార్ల కంపెనీలో సర్వీసు మేనేజరుగా చేరాను. మెకానిక్కులను పల్లెలకు పంపడం, పనయ్యాక ఫిర్యాదు కాగితం మీద సంతకం పెట్టడం నా ఉద్యోగం. నాగమ్మ అనే రైతు కాగితం మీద మా మెకానిక్ 'బోరు ఎండింది' అని ఒక్క ముక్క రాశాడు. కంటితో చూడనిదానికి సంతకం పెట్టొద్దని మా సుబేదార్ సాబ్ నేర్పాడు. "రిటైరైనా డ్యూటీ పిచ్చి పోలేదు" అని మా ఆవిడ దెప్పింది. నిజమే, పోలేదు.

పక్క సీటు మనిషి కాళ్ళ దగ్గర గోనెసంచిలో చుట్టిన గొడ్డలి ఉంది. పేరు ఓబులేసు, రాప్తాడు మనిషి.

"యాడికప్పా?" అన్నాను.

"పామిడి అవతల, అన్నా. నాగమ్మ చీనీ తోట కొట్టల్లంట. నీళ్ళు లేకుంటే చెట్లు పెట్టుకోని ఏం చేస్తాది?"

చీనీ అంటే బత్తాయి. నా కాగితం మీది నాగమ్మే. "నేనూ ఆడికే. నేను మోటారు చూసేదాకా గొడ్డలి తీయొద్దు" అన్నాను. సరేనన్నాడు.

ఏడున్నరకు పామిడిలో దిగి, బొరుగులతో చేసే ఉగ్గాని, బజ్జీ తిన్నాం. అటు వెళ్ళేవారు అవి తినకుండా రాకండి. పెన్నలో మాత్రం ఇసుకే కనిపించింది. ఆటోలో అరగంట, తర్వాత నడక. తొమ్మిదికి తోట చేరాం.

చెట్ల ఆకులు ముడుచుకుపోయాయి. యాభై ఏళ్ళ నాగమ్మ మమ్మల్ని చూసి లేవలేదు. మోటారు కంపెనీ నుంచి వచ్చానని చెప్పాను.

"అందరి బోర్లూ పోయినాయి సార్, నాదీ పోయింది. మీ మెకానిక్ వచ్చినప్పుడు కరెంటు లేదు. ఎండిపోయిందని నేనే చెప్తే రాసుకోని పోయినాడు."

"ఎప్పటినుంచి?"

"ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే కొత్తది పెట్టినారు. ఆ పొద్దు నుంచే. ముందురోజు దాకా బాగా పోసింది."

బోరు అలా ఒక్కరోజులో ఎండదు. కానీ ఈ నేల మీద ధార సన్నబడితే భూమిలో నీళ్ళయిపోయాయనే అందరూ నమ్ముతారు. మోటారును ఎవరూ అనుమానించరు.

పదకొండుకు కరెంటు వచ్చింది. స్విచ్చి వేస్తే చిటికెన వేలంత ధార. ఆపి, ఫ్యూజులు పీకి, స్టార్టర్‌లోని మూడు తీగల్లో రెండింటిని అటుదిటు మార్చాను. ట్రాన్స్‌ఫార్మర్ మార్చినప్పుడు తీగలు తారుమారై మోటారు వెనక్కి తిరుగుతోంది, అంతే. మళ్ళీ స్విచ్చి వేశాను. పైపు కాసేపు ఎర్రనీళ్ళు కక్కి, తర్వాత నిండుగా పోసింది.

నాగమ్మ ధార కింద చెయ్యి పెట్టి తీయలేదు. "నా చేత్తో నేనే కొట్టించుకుంటాంటినే" అని ఏడ్చింది. తప్పు మాదేనమ్మా, క్షమించమన్నాను.

"నువ్వు వచ్చినావు గద నాయనా, సాలు" అంది.

ఓబులేసు చేతికి పార ఇచ్చి చెట్లకు పాదులు చేయించింది. మధ్యాహ్నం ముగ్గురం రాగి సంకటి, వేరుశనక్కాయల పచ్చడి తిన్నాం.

సాయంత్రం పామిడిలో తిరుగు బస్సు. కాగితం మీద 'ఎండింది' కొట్టేసి, 'నీళ్ళున్నాయి' అని రాసి సంతకం పెట్టాను. సుబేదార్ సాబ్‌కు మనసులోనే దండం పెట్టుకున్నాను.

పక్కన ఓబులేసు. గొడ్డలి పొద్దున చుట్టినట్టే ఉంది.

"అన్నా," అన్నాడు, "ఇంగ ఎవరన్నా తోట కొట్టను పిలిస్తే, మోటారు యా పక్క తిరుగుతాందో చూసినారా అని అడిగినాంకనే పోతా."